‘ఆ కాలం అలాంటిది’ అంటే ఎవరి కాలం?

మా నాన్న పనిచేసిన బడిలో, ఆయన కుర్చీ వెనక గోడకి, లింకన్ తన కొడుకు చదివే బడి పంతులుగారికి రాశాడని చెప్పే ఉత్తరం ఫ్రేము కట్టి ఉండేది. తెలుగునాట చదువుకున్నవాళ్లకి ఆ ఉత్తరం గురించి చెప్పక్కర్లేదు. దాన్ని లింకనే రాశాడనడానికి ఏ ఆధారమూ లేదని నాకు తెలిసేటప్పటికి నా వయసు ముప్ఫై దాటింది. ఆ సంగతి నాన్నకి చెప్పడానికి మనసొప్పలేదు. ఆయనకి లింకన్ అంటే ఆ ఉత్తరమే.

పోయిన వేసవిలో నాన్న షికాగోలో మా ఇంటికి వచ్చారు. ఒక రాత్రి భోజనాల దగ్గర, పదకొండో క్లాసు చదివే మా అమ్మాయి చరిత్ర క్లాసులో ఇచ్చిన కాగితం తీసి చదివింది. “తెల్లజాతికీ నల్లజాతికీ మధ్య సాంఘిక, రాజకీయ సమానత్వం ఏ రూపంలోనూ తీసుకురావాలని నేను అనను, ఎన్నడూ అనలేదు.” ఆ తరవాత వరసగా ఉన్నాయి: నల్లవాళ్లకి ఓటు ఇవ్వాలని అనను, జ్యూరీలో కూర్చోబెట్టాలని అనను, పదవులు ఇవ్వాలని అనను, తెల్లవాళ్లతో వివాహ సంబంధాలు ఉండాలని అనను. రెండు జాతులూ కలిసి ఉండాల్సి వస్తే ఒకటి పైన, ఒకటి కింద ఉండక తప్పదు, ఆ పై స్థానం తెల్లజాతికే దక్కాలని అందరిలాగే నేనూ కోరుకుంటాను.

“ఇది ఎవరన్నారో చెప్పు తాతయ్యా” అంది.

“ఎవడో బానిసల్ని ఉంచుకున్నవాడై ఉంటాడు.”

“అబ్రహాం లింకన్. 1858 సెప్టెంబరు 18. మన ఇల్లినాయ్‌లోనే, చార్లెస్టన్ అనే ఊళ్లో.”

నాన్న చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశారు. కాసేపాగి, “ఆ కాలం అలాంటిదమ్మా” అన్నారు. “ఫ్రెడరిక్ డగ్లస్‌ది కూడా ఆ కాలమే కదా తాతయ్యా” అంది మా అమ్మాయి. బానిసగా పుట్టి, తప్పించుకుని, బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఆయన.

ఆ రెండు మాటలూ అప్పటినుంచి నన్ను వదల్లేదు. నాన్నది పెద్దమనసుతో అన్న మాటని నాకు తెలుసు. పోయినవాళ్ల మీద మన కాలపు తీర్పులు రుద్దకూడదన్న మర్యాద ఉంది అందులో. కానీ చదివేకొద్దీ ఆ మాట మర్యాదకి సంబంధించింది కాదనీ, చరిత్రగా చూసినా తప్పేననీ నాకు అనిపిస్తోంది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా గురించి ‘ఆ కాలం’ అన్నప్పుడు మనం లెక్కపెడుతున్నది ఓటున్నవాళ్లని. మిగతావాళ్లు కూడా ఆ కాలంలోనే ఉన్నారు, గట్టిగా మాట్లాడుతూనే ఉన్నారు.

చార్లెస్టన్ మైదానం

ఒక శనివారం ముగ్గురం చార్లెస్టన్ వెళ్లాం. షికాగో నుంచి దక్షిణంగా మూడు గంటల ప్రయాణం, దారి పొడుగునా మొక్కజొన్న, సోయా. లింకన్, సెనేటర్ స్టీఫెన్ డగ్లస్‌ల మధ్య 1858లో సెనేట్ సీటు పోటీలో నడిచిన వాదాల్లో నాలుగోది జరిగింది అక్కడ కౌంటీ ఫెయిర్ జరిగే మైదానంలో. ఈ సెనేటర్ డగ్లస్ వేరు, ఫ్రెడరిక్ డగ్లస్ వేరు. నాన్న ఎండలో చాలాసేపు నిలబడ్డారు.

లింకన్‌కి అది పరాయి ఊరు కాదు. తండ్రి చివరి రోజులు గడిపింది ఆ కౌంటీలోనే. పెంచిన సవతితల్లి 1858 నాటికి ఇంకా ఆ పక్కనే ఉంది. కెంటకీ నుంచి వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఆ రోజు ఉపన్యాసం మొదలుపెడుతూ లింకనే చెప్పాడు: హోటల్లో ఒక పెద్దమనిషి వచ్చి, నువ్వు నిజంగా నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ పూర్తి సమానత్వం తెస్తావా అని అడిగాడట. ఈ విషయం మీద ఎక్కువ మాట్లాడాలనుకోలేదు గానీ, అడిగారు కాబట్టి అయిదు నిమిషాలు చెబుతానన్నాడు. ఆ అయిదు నిమిషాల్లోదే మా అమ్మాయి చదివిన పేరా. జనం చప్పట్లు కొట్టారు.

ఆ ఊరిదే ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలతపెట్టింది. 1847లో రాబర్ట్ మాట్సన్ అనే కెంటకీ భూస్వామి, ఈ కౌంటీలో తనకున్న పొలానికి తెచ్చిన జేన్ బ్రయాంట్ అనే నల్లజాతి స్త్రీనీ ఆమె నలుగురు పిల్లల్నీ తిరిగి తన ఆస్తిగా అప్పగించమని కోర్టుకెక్కాడు. మాట్సన్ తరఫున నిలబడిన ప్లీడర్లలో లింకన్ ఒకడు. ఆయన ఓడిపోయాడు. జేన్ బ్రయాంట్‌కీ పిల్లలకీ స్వేచ్ఛ వచ్చింది. వాళ్ల తరఫున వాదించిన ఇద్దరిలో ఒకడు ఆర్లండో ఫిక్లిన్. పదకొండేళ్ల తరవాత ఇదే చార్లెస్టన్ వేదిక మీద లింకన్ ఆ ఫిక్లిన్‌నే పట్టుకుని ముందుకు లాక్కొచ్చి, మెక్సికో యుద్ధం నాటి తన ఓటు గురించి సాక్ష్యం చెప్పమన్నాడు. ఫిక్లిన్ అప్పటికి డగ్లస్ పక్షం మనిషి. జేన్ బ్రయాంట్‌ని విడిపించినవాడు, నల్లవాళ్లకి పౌరసత్వమే ఉండకూడదన్న నాయకుడి వెనక ఉన్నాడు. ఆమెని తిరిగి బానిసత్వంలోకి పంపించమని వాదించినవాడు, బానిసత్వం విస్తరించకూడదని వాదిస్తున్నాడు. మనుషుల్ని మంచి గంపలో కొందర్నీ చెడ్డ గంపలో కొందర్నీ వేసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

నాకు దారి చూపించింది అంతకు నెల ముందు, ఆగస్టు 21న, ఒటావాలో జరిగిన మొదటి వాదం. అక్కడ లింకన్ అంటాడు: నల్లవాడు నాతో ఎన్నో విషయాల్లో సమానుడు కాకపోవచ్చు, కానీ తన చేతులతో సంపాదించుకున్న రొట్టెని ఎవరి అనుమతీ లేకుండా తినే హక్కులో అతను నాతో సమానుడు, జడ్జి (అంటే సెనేటర్) డగ్లస్‌తో సమానుడు, బతికున్న ప్రతి మనిషితోనూ సమానుడు. ఆ రోజుల్లో సమానత్వాన్ని ముక్కలుగా కోసి మాట్లాడేవాళ్లు. కష్టార్జితం మీద హక్కు ఒక ముక్క. కోర్టుకెళ్లడం, ఆస్తి కొనుక్కోవడం రెండోది. ఓటు మూడోది. ఒకే బండిలో కూర్చోవడం, పెళ్లిళ్లు చేసుకోవడం నాలుగోది. సెనేటర్ డగ్లస్ మొదటిది కూడా ఇవ్వడు, ఈ ప్రభుత్వం తెల్లవాళ్లు తెల్లవాళ్ల కోసం చేసుకున్నది అంటాడు. 1858లో లింకన్ మొదటి ముక్క దగ్గర గట్టిగా నిలబడి, మూడూ నాలుగూ వద్దంటాడు. బానిసత్వం వద్దన్నవాళ్లంతా సమానత్వం కావాలన్నవాళ్లే అని బడిలో మనకి తెలియకుండానే నేర్పారు. అది నిజం కాదు.

నాన్న వాదన

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నాన్న తన సంగతి ఒకటి చెప్పారు. నేనెప్పుడూ వినలేదు.

ఆయన మొదటి ఉద్యోగం ఒక పల్లెటూరి బడిలో. పెద్దకులాల పిల్లలు ముందు బల్లల మీద, మాలపల్లె పిల్లలు వెనక నేల మీద. నాన్న వెళ్లిన వారానికి, రేపట్నించీ ఎత్తు ప్రకారం కూర్చోండి, పొట్టివాళ్లు వెనకుంటే బోర్డు కనపడదు అన్నారు. పిల్లలు కలిసిపోయారు. ఎవరో పెద్దమనిషి వచ్చి ఆరా తీస్తే బోర్డు సంగతే చెప్పారు. “మంచినీళ్ల కుండ జోలికి మాత్రం పోలేదు. వేరే కుండ వేరేగానే ఉంది. ఆ సంగతి కూడా ఎత్తి ఉంటే నెల తిరక్కుండా నన్ను ఆ ఊరు దాటించేవాళ్లు. బల్లలు కూడా మళ్లీ ఎప్పటిలాగే అయ్యేవి. మీ లింకన్ కూడా అంతే. దొరికేదాన్ని దొరకబుచ్చుకున్నాడు.”

ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. ఇల్లినాయ్‌లో 1848లో కొత్త రాజ్యాంగంతో పాటు, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లని రాష్ట్రంలోకి రానివ్వకూడదన్న అంశం మీద విడిగా ఓటింగ్ పెడితే, ఓటేసిన పదిమందిలో ఏడుగురు రానివ్వద్దన్నారు. దాన్ని అమలుచేస్తూ 1853లో చట్టం వచ్చింది. బయటి నుంచి వచ్చిన నల్లవాడు పది రోజులకి మించి ఉంటే 50 డాలర్ల జరిమానా. కట్టలేకపోతే వేలం. ఎవరు తక్కువ రోజుల చాకిరీకి జరిమానా కడతామంటే వాళ్లకి అప్పగించడం. బానిసత్వం లేని రాష్ట్రంలో ఈ చట్టం. ఒరెగాన్ ఇంకా స్పష్టంగా చెప్పింది. 1857లో అక్కడ బానిసత్వం కావాలా అంటే వద్దన్నవాళ్లు 7,727, కావాలన్నవాళ్లు 2,645. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లని రానిద్దామా అంటే వద్దన్నవాళ్లు 8,640, రానిద్దామన్నవాళ్లు 1,081. బానిసత్వం మీదకంటే నల్లవాళ్ల రాక మీద వ్యతిరేకత ఎక్కువ. 1860 అధ్యక్ష ఎన్నికల్లో న్యూయార్క్ రాష్ట్రం లింకన్‌ని గెలిపించింది. అదే రోజు అక్కడి ఓటర్లు, నల్లవాళ్లకి ఆస్తి షరతు లేకుండా ఓటివ్వాలన్న ప్రతిపాదనని చిత్తుగా ఓడించారు. తెల్లవాళ్లకి ఎప్పుడో తీసేసిన ఆస్తి షరతు నల్లవాళ్లకి మాత్రం 1821 నుంచీ అలాగే ఉంది, 250 డాలర్లు.

అలాంటి ఓటర్ల ముందు లింకన్ ఇంకోలా మాట్లాడి ఉంటే? నాన్న అడిగింది అదే. ఇలా మాట్లాడాక కూడా ఆ ఏడు సెనేట్ సీటు డగ్లస్‌కే పోయింది.

రెండు రోజులు ఆలోచించాక నాకు తట్టింది నాన్నకి చెప్పాను. మీరు కుండ సంగతి ఎత్తలేదు, అంతే. పంచాయతీ అరుగు మీద నిలబడి, కుండ వేరుగానే ఉండాలి, మన కుండే పైన ఉండాలని అందరిలాగే నేనూ కోరుకుంటాను అని మీరు అనలేదు. మౌనంగా ఉండటానికీ, చప్పట్ల కోసం ఆ మాట అనడానికీ చాలా తేడా ఉంది. “నన్నెవరూ అలా నిలబెట్టి అడగలేదు కదమ్మా, ఆయన్ని అడిగారు” అన్నారు నాన్న. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆ మాటలు చార్లెస్టన్‌లోనే ఆగిపోలేదు. పేపర్లలో అచ్చయ్యాయి. ఆ రాష్ట్రంలో నల్లవాళ్లు అవి చదివారు.

చట్టం రాసినవాడు

1853 నాటి ఆ వేలం చట్టాన్ని శాసనసభలో నడిపించినవాడు జాన్ లోగన్. మా ఇంటి దగ్గర రైలు స్టేషన్ పేరు లోగన్ స్క్వేర్. పదేళ్లుగా ఆ స్టేషన్లో రైలెక్కుతూ ఆ లోగన్ ఎవరని నేనెప్పుడూ అడగలేదు. గ్రాంట్ పార్కులో గుర్రం మీద జెండా పట్టుకున్న విగ్రహం కూడా ఆయనదే.

కథ అక్కడితో అయిపోలేదు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి జనరల్‌గా పోరాడి వచ్చిన లోగన్, ఆ తరవాత నల్లవాళ్లకి ఓటు ఇవ్వాలని దక్షిణ ఇల్లినాయ్‌లో, తన పాత ఓటర్ల ముందే మాట్లాడాడు. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ని పదవి నుంచి దించడానికి అభియోగం నడిపిన కాంగ్రెస్ సభ్యుల్లో ఆయనా ఉన్నాడు. మనిషి ఇంతగా మారగలడన్నది నాకు ధైర్యం ఇచ్చే విషయం. అదే సమయంలో ‘ఆ కాలం’ వాదానికి ఇది పెద్ద దెబ్బ కూడా. పదిహేనేళ్లలో ఒకే మనిషి ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చాడంటే, ఆ కాలంలో రెండు చివరలూ అందుబాటులోనే ఉన్నాయన్నమాట.

ఓటు లేనివాళ్లు

1858 ఆగస్టు 27, ఫ్రీపోర్ట్, ఇల్లినాయ్‌కి ఉత్తరపు అంచు. సెనేటర్ డగ్లస్ జనాన్ని రెచ్చగొట్టడానికి ఒక కథ చెప్పాడు. కిందటిసారి ఈ ఊరొచ్చినప్పుడు ఒక గుర్రబ్బండి చూశాననీ, బండి తోలేది దాని సొంతదారు, ముందు అతని పక్కన అందమైన యువతి, లోపల ఆమె తల్లి పక్కన ఫ్రెడరిక్ డగ్లస్ కూర్చున్నారనీ. దక్షిణాన అయితే ఈ కథకి కేకలు పుట్టేవి. ఫ్రీపోర్ట్ జనంలోంచి ఎవరో అరిచారు: “అయితే ఏంటట?”

నేను దాన్ని చాలాసార్లు చదివాను. ఆ అరిచినవాడి పేరు ఎక్కడా లేదు. రైతో, దుకాణదారో. గొప్ప సిద్ధాంతకర్త అయ్యుండడు. 1858లో ఒక మామూలు తెల్ల ఓటరుకి, నల్లవాడు తెల్లావిడ పక్కన బండిలో కూర్చోవడంలో తప్పేమీ కనపడలేదు. ఆ మనిషిది ఏ కాలం?

షికాగోలోనే జాన్ జోన్స్ ఉన్నాడు. ఉత్తర కరొలైనాలో స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి దర్జీ. 1845లో ఇక్కడికి వచ్చి, దుకాణం పెట్టి, ఆస్తిపరుడయ్యాడు. పన్నులు కట్టాడు. అయినా ఓటు లేదు. తెల్లవాడు అతన్ని మోసం చేస్తే కోర్టులో అతని సాక్ష్యం చెల్లదు. దక్షిణం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి అతని ఇల్లు ఆసరా. 1864లో, నల్లవాళ్ల హక్కుల్ని కత్తిరించిన ఇల్లినాయ్ ‘నల్లచట్టాలు’ ఎందుకు రద్దు చెయ్యాలో వివరిస్తూ చిన్న పుస్తకం అచ్చువేసి, శాసనసభ్యుల చుట్టూ తిరిగాడు. 1865లో ఆ చట్టాలు రద్దయ్యాయి. 1871లో జోన్స్ కుక్ కౌంటీ కమిషనర్‌గా ఎన్నికయ్యాడు. లింకన్ చార్లెస్టన్ ఉపన్యాసం అచ్చయినప్పుడు ఈయన ఈ ఊళ్లోనే బట్టలు కుడుతున్నాడు. ‘ఆ కాలం’ ఏమనుకునేదో అతన్ని కూడా అడగాలి కదా.

పెన్సిల్వేనియాలో ఇంకా ముందు, 1838లో, రాజ్యాంగం మార్చి ఓటుకి ‘తెల్ల’ అన్న మాట చేర్చారు. అప్పటిదాకా అక్కడ కొందరు నల్లవాళ్లు ఓటేస్తూనే ఉన్నారు. అంటే చరిత్ర ఒకే దిక్కుకి, చీకట్లోంచి వెలుగులోకి నడుస్తోందన్నది కూడా మన ఊహే. ఉన్న హక్కు తీసేశారు. ఆ రాష్ట్రంలోని నలభై వేలమంది నల్ల పౌరుల తరఫున రాబర్ట్ పర్విస్ దీన్ని నిరసిస్తూ విజ్ఞప్తి రాశాడు. మాకు కొత్త హక్కులివ్వమని కాదు, మావి మాకు ఉంచమని.

లింకన్ మారాడు. నాన్న కోసం కాదు, నిజం కాబట్టి చెబుతున్నాను. 1862 ఆగస్టులో ఆయన నల్లజాతి ప్రతినిధులను తన ఇంటికి పిలిచి, మీరు ఈ దేశంలో లేకపోతే ఈ యుద్ధమే ఉండేది కాదు, మధ్య అమెరికాకి వెళ్లి స్థిరపడండి అన్నాడు. ఫ్రెడరిక్ డగ్లస్ తన పత్రికలో మండిపడ్డాడు. రెండేళ్లు తిరక్కుండా, 1864 మార్చి 12న, న్యూఆర్లియన్స్ నుంచి ఇద్దరు నల్లజాతి పెద్దలు, రూడనెజ్, బెర్టనో, వెయ్యిమందికి పైగా సంతకాలు చేసిన అర్జీ పట్టుకుని వచ్చారు. మాకు ఓటు కావాలని. మర్నాడే లింకన్ లూసియానా గవర్నర్ మైకేల్ హాన్‌కి చిన్న ఉత్తరం రాశాడు: చదువు తెలివితేటలు ఉన్న కొందరు నల్లవాళ్లకి, ముఖ్యంగా మన సైన్యంలో వీరోచితంగా పోరాడినవాళ్లకి ఓటిస్తే ఎలా ఉంటుందో ఆలోచించు, ఏదో ఒక గడ్డుకాలంలో స్వేచ్ఛ అనే రత్నాన్ని కాపాడటానికి వాళ్లే సాయపడతారేమో అని. ఇది నిజంగా ఆయన రాసిన ఉత్తరం. పేజీ నిండా కూడా ఉండదు. దాని వెనక ఉన్న ఆ వెయ్యి సంతకాలు లేకుండా దాన్ని చదవకూడదు.

1865 ఏప్రిల్ 11న అదే మాట బహిరంగంగా అన్నాడు. కింద గుంపులో ఉన్న జాన్ విల్క్స్ బూత్, అంటే నల్లవాళ్లకి పౌరసత్వమన్నమాట, ఇతను చేసే ఆఖరి ఉపన్యాసం ఇదే అన్నాడు. మూడు రోజుల తరవాత కాల్చాడు. 1858లో వద్దన్న ఓటు హక్కుని, అదీ కొందరికి మాత్రమే అన్నందుకు, ప్రాణం పోయింది.

రెండు తక్కెడలు

ఇక్కడ నా వాదనకి అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఫ్రెడరిక్ డగ్లస్ దగ్గరే ఎదురైంది. 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లో, బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు తమ డబ్బుతో కట్టించిన లింకన్ స్మారకాన్ని ఆవిష్కరించేటప్పుడు ఆయన మాట్లాడాడు. అధ్యక్షుడు గ్రాంట్ ఎదురుగా ఉన్నాడు. పొగడ్తలు తప్ప ఇంకేం వింటామని వచ్చి ఉంటారు? డగ్లస్ అన్నాడు: లింకన్ ముఖ్యంగా తెల్లవాళ్ల అధ్యక్షుడు. తెల్లవాళ్లారా, మీరు ఆయన కన్నబిడ్డలు, మేము మహా అయితే సవతిబిడ్డలం. ఆ తరవాత: బానిసత్వ నిర్మూలనవాదుల వైపు నుంచి చూస్తే లింకన్ ఆలస్యం చేసినవాడిలా, చల్లగా, మందకొడిగా, పట్టనట్టు కనిపించాడు. తన దేశపు మనోభావంతో, రాజనీతిజ్ఞుడిగా పట్టించుకోక తప్పని మనోభావంతో కొలిస్తే, ఆయన వేగంగా, ఉత్సాహంగా, తీవ్రంగా, పట్టుదలగా కదిలినవాడు.

నాన్న సంతోషించారు. “చూశావా, డగ్లసే అన్నాడు.” నిజమే. లింకన్‌కి ఆ వెసులుబాటు డగ్లసే ఇచ్చాడు. కానీ డగ్లస్ రెండు తక్కెడలు పట్టుకుని నిలబడ్డాడు. మొదటిదాన్ని కింద పెట్టలేదు. మనం ‘ఆ కాలం అలాంటిది’ అన్నప్పుడు రెండోదాన్ని మాత్రమే ఉంచుకుని, మొదటిది అసలు అప్పట్లో లేనే లేదంటున్నాం. దేశపు మనోభావం అని డగ్లస్ అన్నది తెల్లవాళ్ల దేశాన్ని. దాన్ని ఆ పేరుతోనే పిలిచాడు. ఇంకో సంగతి: ఆ వెసులుబాటు ఇచ్చే హక్కు డగ్లస్‌కి ఉంది, వీపు మీద కొరడా వాతలతో పెరిగినవాడు కాబట్టి. మనం ఇస్తే అది వేరే మాట అవుతుంది.

లాంకాస్టర్‌లో ఒక సమాధి

పెన్సిల్వేనియా కాంగ్రెస్ సభ్యుడు థాడియస్ స్టీవెన్స్ గురించి చెప్పకుండా ఉండలేను. 1838లో ‘తెల్ల’ అన్న మాట చేర్చిన ఆ రాజ్యాంగం మీద సంతకం పెట్టనన్నాడు. 1868లో చనిపోయేటప్పుడు, తెల్లవాళ్లని మాత్రమే పూడ్చే శ్మశానాలు కాదని, లాంకాస్టర్‌లో అందరికీ చోటిచ్చే ఒక చిన్న శ్మశానం ఎంచుకున్నాడు. రాతి మీద ఏం చెక్కాలో కూడా రాసిపెట్టాడు: ఏకాంతం ఇష్టమై ఇక్కడ పడుకోలేదు, మిగతా శ్మశానాలకి జాతిని బట్టి నిబంధనలు ఉన్నాయి కాబట్టి, సృష్టికర్త ముందు మనుషులంతా సమానమని జీవితమంతా చెప్పిన మాటని చావులో కూడా చూపించడానికి ఇక్కడ ఉన్నాను.

అది చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. అయినా నిజం మొత్తం చెప్పాలి. 1865 జనవరిలో, బానిసత్వాన్ని రద్దుచేసే 13వ సవరణకి ఓట్లు కూడగడుతున్న వేళ, నువ్వు నల్లవాళ్ల సమానత్వవాదివి కదా అని ఎదుటిపక్షం నిలదీస్తే, అన్నిటిలోనూ సమానత్వం అని నేను అనలేదు, చట్టం ముందు సమానత్వం, అంతే అన్నాడు ఈ స్టీవెన్సే. సవరణ 119–56తో నెగ్గింది. ఇక్కడ నేను చార్లెస్టన్ గురించి అన్నది నాకే ఎదురొస్తుంది. ఈ వెనకడుగుని నేను క్షమిస్తున్నాను, ఆ మాటని ఎందుకు క్షమించను? స్టీవెన్స్ తన మాట తగ్గించుకున్నాడే తప్ప ఎవరినీ కింద ఉండమనలేదు, అందుకని అనుకుంటున్నాను. ఇది చాలినంత జవాబో కాదో నాకు ఇంకా అనుమానమే.

తెలుపూ కాదు, నలుపూ కాదు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఇదంతా ఎవరిదో చరిత్ర అనిపిస్తుంది. 1790 నాటి చట్టం ప్రకారం బయటి దేశాలవాళ్లలో ‘స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లు’ మాత్రమే పౌరులు కాగలరు. 1870 జులైలో సెనేటర్ చార్ల్స్ సమ్నర్ ఆ ‘తెల్ల’ అన్న మాటే కొట్టేద్దామన్నాడు. ఒప్పుకోలేదు. చైనావాళ్లు పౌరులైపోతారని పడమటి రాష్ట్రాలవాళ్ల భయం. అడ్డుపడినవాళ్లలో ముందున్నది నెవాడా సెనేటర్ విలియం స్టీవర్ట్. నల్లవాళ్లకి ఓటు హక్కునిచ్చిన 15వ సవరణని సెనేట్‌లో నడిపించిందీ ఆయనే. చివరికి ఆఫ్రికా సంతతివాళ్లని మాత్రం చేర్చి ఊరుకున్నారు.

1896లో రైలు పెట్టెల్లో వేర్వేరు చోట్లు సబబేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు, ఒక్క జస్టిస్ హార్లన్ మాత్రమే విభేదించాడు. మన రాజ్యాంగానికి రంగు కనపడదు అన్న ఆయన వాక్యం మా అమ్మాయికి కంఠతా వచ్చు. అదే తీర్పులో కొంచెం కిందకి వెళ్తే, మనకి ఎంతో భిన్నమైన ఒక జాతి ఉంది, వాళ్లని మనం పౌరులు కానివ్వం, చైనా జాతి అని రాశాడు. వాళ్లు తెల్లవాళ్ల పెట్టెలో కూర్చోవచ్చట, నల్ల పౌరులు కూర్చోకూడదట, ఇదేం న్యాయం అని. ఇరవై ఏడేళ్ల ముందే, 1869లో, చైనావాళ్లని రానివ్వాలి, పౌరుల్ని చెయ్యాలి అని ఫ్రెడరిక్ డగ్లస్ బోస్టన్‌లో ఉపన్యాసం ఇచ్చి ఉన్నాడు.

సమ్నర్ కొట్టేయలేకపోయిన ఆ ఒక్క మాట 1923లో మనవాళ్ల దాకా వచ్చింది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వాన్ని, అతను తెల్లవాడు కాదని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1946లో చట్టం మారేదాకా భారతీయులకి ఆ తలుపు మూసే ఉంది. నేను షికాగోలో చెయ్యెత్తి ప్రమాణం చేసిన గదికి దారి అక్కణ్నించి వచ్చింది.

ఈ కథ నాన్నకి చెబుతుంటే, “పాపం, అతనేమని వాదించాడు?” అన్నారు. చెప్పడానికి నాకు ఇబ్బందైంది. తాను అగ్రకులపు ఆర్యుణ్నని వాదించాడు. భారతదేశపు అగ్రకులంవాడు అక్కడి ఆదివాసుల్ని, పెళ్లి సంబంధాల విషయంలో, అమెరికా తెల్లవాడు నల్లవాణ్ని చూసినట్టే చూస్తాడని అతని తరఫు ప్లీడర్లు కోర్టుకి రాసిచ్చారు. ఆ గీత చెరపమని అడగలేదు, తనని గీతకి ఇవతల నిలబెట్టమని అడిగాడు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నేను మా నాయనమ్మ ఇల్లు తలుచుకుంటున్నాను. పెరటి వసారా చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. పొలం పనికొచ్చే పెద్దాయన దాన్ని తనే తీసుకుని, దోసిలి పట్టినట్టు పట్టుకుంటే, నాయనమ్మ పైనుంచి మజ్జిగ పోసేది. తాగి, కడిగి, మళ్లీ చూరులో పెట్టేవాడు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే ఇంట్లో అందరూ చెప్పిన జవాబు కూడా అదే, ఆ కాలం అలాంటిదని.

“ఆ గ్లాసు గుర్తుందా నాన్నా?” అన్నాను.

“నువ్వు చూసింది రెండో గ్లాసమ్మా” అన్నారు. “మొదటిదాన్ని ఆయన కొడుకు తీసుకెళ్లి కాలవలో విసిరేశాడు. నువ్వు అప్పటికింకా పుట్టలేదు. మా నాన్న వాళ్లకి ఆ ఏడాదంతా పని చెప్పలేదు.”